ఉస్మానియా ఆసుపత్రి చింతచెట్టు గారిని సంజాయిషీ కోరుతూ

మహారాజశ్రీ చింతచెట్టు గారికి,
ఉస్మానియా ఆసుపత్రి ఆవరణ, అఫ్జల్‌గంజ్, హైదరాబాదు.

అయ్యా,

1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి నగరం మీద పడినప్పుడు, ఏ శాఖ నుంచీ ఉత్తర్వు లేకుండా, సుమారు 150 మందిని తమ కొమ్మల మీదికి ఎక్కించుకుని ప్రాణాలు నిలబెట్టారన్నది తమపై మొదటి అభియోగం. ఎక్కినవారి కులమేదో మతమేదో అడగలేదు, దరఖాస్తు నింపించలేదు, కనీసం ఒక ఫొటో కూడా తీయించుకోలేదు. అరటిపండు చేతిలో పెట్టి నలుగురూ ఫొటో దిగే ఈ కాలంలో ఇలాంటి నిర్లక్ష్యాన్ని ఉపేక్షించలేము.

రెండవ అభియోగం మరీ ఘోరం. చింతచెట్టు మీద దయ్యాలుంటాయనీ, రాత్రిళ్లు దాని కింద పడుకోరాదనీ తరతరాలుగా పిల్లలను బెదిరించి అన్నం తినిపించుకుంటున్నాం. తమరు ఆ పేరంతా ఒక్క వరదతో చెడగొట్టారు. రోగుల వెంట వచ్చినవారు తమ నీడన చాప పరుచుకుని, టిఫిను డబ్బా మూత మీద రాలిన చింతాకును ఉఫ్ఫున ఊది, రెండు ముద్దలు తిని ఒక కునుకు తీయడానికి వెనకాడరు. దయ్యాల సంగతి అడిగితే, లోపలి క్యూల కన్నానా అంటారేమో!

వరద తీశాక నిజాం ప్రభుత్వం విశ్వేశ్వరయ్యను పిలిపించి, ఆయన సలహా మేరకు మూసీ మీద 1920లో ఉస్మాన్‌సాగర్‌ను, దాని ఉపనది ఈసీ మీద 1927లో హిమాయత్‌సాగర్‌ను కట్టించింది. మేము ఆ జలాశయాలను చూసుకుని ధీమాగా నది ఒడ్డునే కాక నది కడుపులోనూ ఇళ్లు కట్టుకున్నాం. అవి రెండూ నిండి గేట్లెత్తిన రోజున ఎక్కడానికి తమరున్నారన్న లెక్క కాబోలు. మా జనాభా 150 దాటిందన్న సంగతి తమకు తెలియజేయవలసి ఉన్నది.

ఏటా సెప్టెంబరు 28న కొందరు తమ కిందికి చేరి ఆనాడు పోయినవారిని తలుచుకుంటారు. తక్కిన రోజుల్లో తమరి యోగక్షేమాలు విచారించేది, బండి నిలపడానికి నీడ వెతుక్కునేవారే.

పై అభియోగాలకు వారంలోగా సంజాయిషీ ఇవ్వవలెను. అంత శ్రమ ఎందుకనుకుంటే, ఎండాకాలంలో లేత చిగురు గుప్పెడు ఇటు రాల్చండి. ఫైలు అక్కడితో మూసేస్తాను. మామూలు అనుకోకండి, ఇంట్లో కందిపప్పు నానబెట్టించి ఉంచాను.

ఇట్లు,
తమ నీడన బండి నిలిపే ఒక గుమాస్తా