ప్రెసిడెంటు గారి చీపురు

మొన్న ఉగాది రోజు ఇక్కడ అమెరికాలో మన తెలుగు సంఘం వేడుకలో, హైస్కూల్ ఆడిటోరియంలో ఏం జరిగిందో వచ్చినవాళ్లకి చెప్పక్కర్లేదు, రానివాళ్లు వాట్సాప్‌లో ఈపాటికి చూసే ఉంటారు. పంచాంగ శ్రవణం అయింది, పచ్చడి పంచారు, పిల్లల కూచిపూడి అయింది, అంతవరకు బాగానే ఉంది. సినిమా పాటల మెడ్లీ మొదలై వెనక తెర మీద ఒక హీరో బొమ్మ పడగానే కుర్రాళ్లు జేబుల్లోంచి కాగితం ముక్కలు తీసి ఎగరేశారు, మా హీరో పాట ఎందుకు కోసేశారంటూ రెండో హీరో వాళ్లు స్టేజీ మీదకొచ్చారు, మైకు లాక్కున్నారు, తోపులాట మధ్యలోనే ఎవడిది ఏ కులమో కూడా తేల్చేసుకున్నారు. తర్వాత పాట పాడాల్సిన పాప పట్టులంగా కట్టుకుని స్టేజీ పక్కన నిలబడి ఏడ్చింది. ఆ పాటకి మనం ఇంకా బాకీ.

ఆ రాత్రి గ్రూపులో మెసేజీల వర్షం. ఒకాయన ఇక సినిమా ఐటమ్స్ బంద్ అన్నాడు. ఇంకొకాయన వీసా మీద వచ్చి ఈ బజారు వేషాలేంటన్నాడు. అది చదివాక నాకు నిద్ర పట్టలేదు, ఎందుకంటే ఆ వేషాలు నేనూ వేశాను.

మా పెద్దమ్మ కొడుకు తణుకులో సైకిల్ షాపులో పంక్చర్లు వేసేవాడు. పదో తరగతి తప్పాడు. ఇంట్లో లెక్కచేసేవాళ్లు లేరు, పెళ్లిళ్లకి పిలిచినా వడ్డనకే. కానీ చిరంజీవి సినిమా వస్తోందంటే మా అన్నయ్య పట్టణ అభిమాన సంఘం ప్రెసిడెంటు. పోస్టరు కింద వరసలో అతని ఫొటో ఉండేది, హాలు మేనేజరు లేచి నిలబడి "రండి ప్రెసిడెంటు గారూ" అనేవాడు. రాత్రంతా ఇద్దరం కూర్చుని పాత నోటు పుస్తకాలు చింపి సంచుల్లో నింపేవాళ్లం (నా ఎనిమిదో తరగతి సోషల్ నోట్సు అలాగే పోయింది, అదీ పరీక్షలకి నెల ముందు). తెల్లవారుజామున బెనిఫిట్ షో. కటౌట్‌కి నిచ్చెన వేసి దండ వేసేది అతనే, కొబ్బరికాయ కొట్టి హారతిచ్చేదీ అతనే. హీరో తెర మీదకొచ్చిన క్షణంలో నేల నుంచి బాల్కనీ దాకా ఒకటే అరుపు, పైనుంచి కాగితాల వాన, ఏ డైలాగూ వినపడేది కాదు, రెండోసారి చూస్తే గానీ కథ తెలిసేది కాదు.

ఆట వదిలాక అందరూ వెళ్లిపోయేవారు. అన్నయ్య మాత్రం హాలు ఊడ్చే ఆవిడ దగ్గర చీపురు తీసుకుని ముందు వరసలన్నీ ఊడ్చేవాడు. నా చేతికీ ఒకటిచ్చేవాడు. "మనం చేసిన చెత్త ఆవిడెందుకు ఎత్తాలి?" అనేవాడు.

దీన్ని పిచ్చి అనేవాళ్లున్నారు, తెరకీ నిజానికీ తేడా తెలియని జనం అంటారు. మా నాయనమ్మ పూజ గదిలో కృష్ణుడి వేషంలో ఉన్న ఎన్టీ రామారావు క్యాలెండరు ఉండేది, రోజూ పువ్వు పెట్టేది. తిరుపతి వెళ్లి, అట్నుంచి మద్రాసు వెళ్లి ఆయన్ని చూసొచ్చిన కాలపు మనిషి. ఆయన దేవుడా నాయనమ్మా అని అడిగితే "రామారావని నాకు తెలీదేంట్రా, కృష్ణుడు కనిపిస్తే ఇలాగే ఉంటాడని" అంది. 1982లో పార్టీ పెట్టి తొమ్మిది నెలల్లో ముఖ్యమంత్రి అయ్యాడంటే జనం వెర్రివాళ్లని కాదు. తమ మనిషి అనుకున్నారు. మా అన్నయ్యకీ అంతే. చిరంజీవి దేవుడు కాదని అతనికి బాగా తెలుసు, కానీ ఆ హీరో పేరు పక్కన నిలబడితేనే ఊరు తనని చూసింది.

అంతా ముద్దుగా చెబుతున్నానని అనుకోకండి. 2024 డిసెంబరు 4 రాత్రి హైదరాబాద్ సంధ్య థియేటర్లో పుష్ప 2 ప్రీమియర్ తొక్కిసలాటలో ఒక తల్లి చనిపోయింది, కొడుకు ఆసుపత్రి పాలయ్యాడు. దాన్ని అభిమానం అని ఎలా సర్దిచెప్పుకోను? ఇక కులం సంగతి, హీరో పేరు చెప్పి కులం జెండా మోయడం మన ఊళ్ల నుంచి మనమే సూట్‌కేసులో పెట్టుకొచ్చాం, కుర్రాళ్లు కొత్తగా కనిపెట్టిందేం కాదు.

మనం మాత్రం తక్కువ తిన్నామా? పెద్ద మహాసభలకి హీరో వస్తున్నాడంటే ముందు వరస టేబుల్ కోసం ఎవరు ఫోన్లు చేస్తారు? శాలువా నేను కప్పుతానంటే నేను కప్పుతానని స్టేజీ మీద మోచేతులతో తోసుకునేది సిల్కు లాల్చీల వాళ్లమే కదా. తేడా అల్లా, మనం కాగితాలు ఎగరేయం, చెక్కులు రాస్తాం.

ఆ కుర్రాళ్లలో చాలామంది ఒక్కో అపార్ట్‌మెంట్లో నలుగురైదుగురు ఉంటారు. వీసా లాటరీ టెన్షన్, లేఆఫ్ టెన్షన్, ఇంటి దగ్గర అప్పు. మన సంఘంలో వాళ్లకి ఇన్నేళ్లలో మనం ఇచ్చిన పని కుర్చీలు వేయడం, పార్కింగ్ దగ్గర నిలబడటం. ఒక్కడి పేరైనా మీకు తెలుసా? నాకు తెలీదు.

కాబట్టి కమిటీ వాళ్లకి నా మనవి, సినిమా ఐటమ్స్ ఆపకండి. రెండు వైపుల నుంచీ ఇద్దరిద్దర్ని పిలిచి దీపావళి కల్చరల్ కమిటీలో కూర్చోబెట్టండి, కరపత్రం మీద పేర్లు వేయండి, పదిహేను నిమిషాలు వాళ్లకే వదిలేయండి. కులం మాట ఎత్తినవాణ్ని, మనవాడైనా సరే, బయటికి పంపండి. ముందు ఆ పాప పాట పాడించండి.

మొన్నాదివారం అన్నయ్యకి ఫోన్ చేశాను. ఇప్పటికీ ఆగస్టు 22, చిరంజీవి పుట్టినరోజు వస్తే రక్తదానం క్యాంపు పెడతాడు, తను ఇవ్వబోతే డాక్టరు వద్దంటున్నాడట, అదే బాధ. గొడవంతా చెబితే పగలబడి నవ్వాడు. తర్వాత "కాగితాలు ఎవరు ఊడ్చార్రా?" అన్నాడు.

ఆ రాత్రి పదకొండు దాటాక స్కూలు క్లీనింగ్ చేసే పెద్దాయన ఒక్కడే వరసల మధ్య వంగి ఊడుస్తున్నాడు. నేను మిగిలిన పులిహోర ట్రే పట్టుకుని ఆయన పక్కనుంచే కారు దగ్గరికి వెళ్లాను.

సిగ్నల్ సరిగ్గా లేదన్నయ్యా, మళ్లీ చేస్తానని పెట్టేశాను.