లాగిన్ లేటవుతోందా? డబ్ల్యూఎంఐ ఫిల్టర్‌కి ఎంత టైం పడుతోందో కొలిచి చూడండి

ఆఫీసు నెట్‌వర్క్‌లోని విండోస్ మెషీన్లకి ఒకేచోటి నుంచి సెట్టింగులు పంపే గ్రూప్ పాలసీకి డబ్ల్యూఎంఐ ఫిల్టర్ (మెషీన్‌ని దాని గురించే ఒక ప్రశ్న, అంటే క్వెరీ, అడిగి జవాబు సరిపోతేనే పాలసీని వర్తింపజేసేది) పెట్టినప్పుడు మనలో చాలామంది చూసేది ఒక్కటే, పాలసీ వెళ్లాల్సిన మెషీన్‌కే వెళ్తోందా లేదా అని, వెళ్తే లింక్ చేసేసి ఇంకో పనిలో పడిపోతాం. టైం మాత్రం కొలవం. నా దృష్టిలో ఇది పెద్ద తప్పే. ఎందుకంటే ఆ క్వెరీ నడిచేది యూజర్ కూర్చున్న మెషీన్ మీద, బూట్‌లో, లాగిన్‌లో, ఆ తర్వాత డిఫాల్ట్‌గా 90 నిమిషాలకోసారి (పైన ఇంకో 0 నుంచి 30 నిమిషాలు కలిపి) జరిగే రిఫ్రెష్‌లో కూడా.

అన్ని క్వెరీలూ ఒకేలా ఉండవు. విండోస్ వివరాలు చెప్పే విన్32_ఆపరేటింగ్‌సిస్టమ్‌ని ప్రొడక్ట్‌టైప్ 1 ఆ, అంటే వర్క్‌స్టేషనేనా అని అడిగితే చిటికెలో చెప్పేస్తుంది. అదే ఫలానా సాఫ్ట్‌వేర్ ఉందో లేదో చూద్దామని విన్32_ప్రొడక్ట్‌ని అడిగారనుకోండి, అది లిస్ట్ ఇచ్చి ఊరుకోదు, ఇన్‌స్టాల్ అయిన ఒక్కో ఎంఎస్ఐ (విండోస్ ఇన్‌స్టాలర్) ప్యాకేజీనీ చెక్ చేస్తూ పోతుంది, తేడా కనిపిస్తే రిపేర్ కూడా మొదలుపెడుతుంది, అప్లికేషన్ లాగ్ నిండా 1035 నంబర్ ఈవెంట్లు పడతాయి. దాన్ని ఫిల్టర్‌లో అస్సలు వాడకూడదు, ఇందులో నాకు రెండో మాట లేదు. ఫైళ్ల వివరాలు చెప్పే సిమ్_డేటాఫైల్ కూడా అంతే, డ్రైవ్, పాత్ ఇవ్వకుండా అడిగితే డిస్క్ మొత్తం వెతుకుతుంది.

కొలవడం పెద్ద పనేం కాదు. విండోస్‌లో కమాండ్లు నడిపే పవర్‌షెల్‌లో గెట్-సిమ్‌ఇన్‌స్టన్స్‌కి అదే క్వెరీ ఇచ్చి, టైం కొలిచే మెజర్-కమాండ్‌లో పెట్టి నడపండి, కానీ మీ కొత్త ల్యాప్‌టాప్‌లో కాదు, ఉన్నవాటిలో అన్నిటికన్నా పాత మెషీన్‌లో, రీస్టార్ట్ చేసిన వెంటనే. మొదటిసారి వచ్చిన టైమే రాసుకోండి, రెండోసారికి ప్రొవైడర్ (క్వెరీకి జవాబు తెచ్చిచ్చే భాగం) అప్పటికే లోడ్ అయ్యి ఉంటుంది కాబట్టి నంబర్ తగ్గి కనిపిస్తుంది, పొద్దున లాగిన్ అయ్యే యూజర్‌కి ఆ సౌకర్యం ఉండదు కదా. తర్వాత ఈవెంట్ వ్యూయర్‌లో గ్రూప్‌పాలసీ ఆపరేషనల్ లాగ్ తెరవండి. 8000 నంబర్ ఈవెంట్‌లో బూట్ పాలసీకి, 8001లో లాగిన్ పాలసీకి మొత్తం ఎన్ని సెకన్లు పట్టిందో ఉంటుంది, ఫిల్టర్ ఉన్నప్పుడూ లేనప్పుడూ చూసి పోల్చుకోండి. ఏ జీపీఓలు (గ్రూప్ పాలసీ ఆబ్జెక్టులు, అంటే ఒక్కో పాలసీ) అప్లై అయ్యాయో 5312లో, ఏవి ఆగిపోయాయో 5313లో కనిపిస్తుంది.

ఆ 5313 ఎందుకు చూడమంటున్నానంటే, వేగంగా నడిచే ఫిల్టర్ కూడా తప్పు జవాబు ఇవ్వొచ్చు. క్వెరీలో విండోస్ వెర్షన్ అనేది నంబర్ కాదు, స్ట్రింగ్, అంటే అక్షరాల వరస. "6.2" కంటే ఎక్కువ లేదా సమానం అని రాస్తే 10.0 ఉన్న మెషీన్ ఫెయిలవుతుంది, ఎందుకంటే అక్షరాల వరసలో 1 ముందు, 6 తర్వాత.

సెక్యూరిటీ గ్రూప్‌తో (పాలసీ ఎవరికి వెళ్లాలో వాళ్లనో ఆ మెషీన్లనో చేర్చిన గ్రూప్) పని జరిగే చోట అసలు డబ్ల్యూఎంఐ జోలికే వెళ్లొద్దని నా అభిప్రాయం. పాత ఫిల్టర్లూ ఓసారి తిరగేయండి. 2020 జనవరి 14న సపోర్ట్ ఆగిపోయిన విండోస్ 7 కోసం రాసినవి ఇంకా లింక్ అయ్యి ఉంటే, ఆ ప్రశ్నని ఈ రోజుకీ ప్రతి మెషీన్ వేసుకుంటూనే ఉంటుంది. అలా అని ఫిల్టర్ ఒక్కటే పీకెయ్యకండి, అప్పుడా పాత పాలసీ లింక్ అయిన ఓయూలో (యూజర్లనీ మెషీన్లనీ పెట్టే ఫోల్డర్ లాంటిది) ఉన్న అందరికీ వెళ్లిపోతుంది, ముందు జీపీఓ లింక్ తీసి ఆ తర్వాతే ఫిల్టర్ మీద చెయ్యి వెయ్యండి.