భయాన్ని మోసుకొచ్చిన డిస్కు గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ హారర్ సినిమా 4కే బ్లూ-రే డిస్కు గారికి ఒక ప్రేక్షకుడు నమస్కరించి వ్రాయునది ఏమనగా,

ఉభయకుశలోపరి. మీరు క్షేమంగానే ఉన్నారు, ఒక్క గీత కూడా పడలేదు. నాకే క్షేమం కాస్త ఎక్కువైంది. భయపడదామని మిమ్మల్ని తెచ్చుకుంటే హాయిగా నిద్రపట్టింది. ఫిర్యాదు అదే.

ముందు మీ గొప్ప మీకు చెప్పాలి. మీరు మోసుకొచ్చింది రక్తం ధారలు కట్టే సినిమా కాదు. ఏమీ జరగకుండానే వణికించే రకం. ఖాళీ వరండా, ఓరగా తెరిచిన తలుపు, దాని వెనక ఏముందో చెప్పని చీకటి. ఇలాంటి సినిమాలో చీకటే హీరో, చీకటే విలన్. ఆ చీకటికి స్ట్రీమింగ్‌లో పట్టే గతి అందరికీ తెలిసిందే. గోడ మీద నీడ మెత్తగా పాకాల్సిన చోట మెట్లుమెట్లుగా చారలు కనిపిస్తాయి. గది మూలలో దెయ్యం ఉందో లేదో తెలియదు కానీ నల్లటి గళ్లు మాత్రం కదులుతుంటాయి. వీడియోను కుదించే ఎన్‌కోడర్‌కి చీకటంటే చిన్నచూపు. అక్కడ ఎవరు చూస్తారులే అని డేటా మిగుల్చుకుంటుంది. మేం కళ్లు చిట్లించుకుని చూస్తున్నదే అక్కడని దానికెవరు చెప్పాలి?

మీ లెక్క వేరు. 4కే స్ట్రీమింగ్ సాధారణంగా సెకనుకు 15 నుంచి 25 మెగాబిట్ల డేటాతో కాలక్షేపం చేస్తుంటే, మీరు 128 దాకా వెళ్లగలరు. మామూలు బ్లూ-రేలో ఒక్కో రంగుకు 256 స్థాయిలుంటే మీలో 1024. అంటే నలుపుకీ, ఇంకాస్త నలుపుకీ మధ్య కూడా తేడా చూపించగల సమర్థులు మీరు. పాత ఫిల్మ్ మీద ఇసక చల్లినట్టుండే ఆ సన్నటి గ్రెయిన్‌ని కూడా తుడిచేయకుండా ఉంచారు. అది తుడిస్తే మొహాలు మైనపు బొమ్మల్లా అవుతాయి. ఉంచితే చీకటి తనంతట తనే కదులుతున్నట్టుంటుంది. ఈ సినిమాకి సగం భయం అక్కడే ఉంది.

మీ వంశంలో అందరూ ఇలా లేరు లెండి. 1922 నాటి మూకీ చిత్రం 'నోస్ఫెరాటు'లో రాత్రి సీన్లు పగలే తీసి, ఫిల్మ్‌కి నీలం రంగు వేసి రాత్రి చేశారు. ఆ రంగు లేని నలుపు-తెలుపు కాపీలు చాలాకాలం వీడియోల్లో తిరిగాయి. ఎండ తగిలితే చచ్చిపోయే రక్తపిశాచి పట్టపగలు శవపేటిక చంకన పెట్టుకుని నిక్షేపంగా తిరుగుతుంటాడు. ఇక మీ పెద్దలు వీహెచ్ఎస్ టేపులవారు వెడల్పాటి సినిమాని పాత టీవీలో పట్టించడానికి రెండు పక్కలా కోసేసేవారు. దెయ్యం ఎప్పుడూ ఫ్రేము అంచునే నిలబడుతుంది కదా, ఆ కోతలో ముందు పోయేది అదే. హీరోయిన్ ఎవర్ని చూసి కెవ్వుమందో మనమే ఊహించుకోవాలి.

అంతటి వంశంలో పుట్టి చీకటిని చెక్కుచెదరకుండా ఇంటికి తెచ్చిన మీరు, తెచ్చీ తేగానే లైటు ఎందుకు వేస్తారండీ?

మీ మెనూ సంగతే చూడండి. ఎన్నో భాషల్లో కాపీరైటు హెచ్చరికలు చదివించాక (స్కిప్ నొక్కితే కుదరదంటారు, డబ్బు పెట్టి కొన్నవాడికే ఈ శిక్ష) మెనూ వస్తుంది. వరండా. తలుపు ఓరగా తెరుచుకుంటుంది. సందులోంచి తెల్లటి చెయ్యి. వేళ్లు తలుపు అంచుని పట్టుకుంటాయి. వయొలిన్ కీచుమంటుంది. కట్. మళ్లీ వరండా. నేను లైట్లు ఆపి, కర్టెన్లు లాగి, సబ్‌టైటిల్స్ వెతుక్కునేంత సేపూ ఆ చెయ్యి వస్తూనే ఉంది, పోతూనే ఉంది. దర్శకుడు గంటన్నర దాచిన చెయ్యి అది! అసలు సీను వచ్చేసరికి "రామ్మా రా, ఇంత ఆలస్యమైందేం" అనాలనిపించింది.

అట్ట వెనక ఆ చేతి తాలూకు మొహం కూడా అచ్చేశారు. చాప్టర్ పేర్లలో ఎవరు చనిపోతారో వరసగా చెప్పేశారు. ఇంకేం మిగిలిందని అడిగితే 'మేకింగ్ వీడియో' మిగిలింది. అందులో మన దెయ్యం మడత కుర్చీలో కాళ్లు చాపుకుని, హవాయి చెప్పులేసుకుని, ఒక చేత్తో ఫోన్ చూసుకుంటోంది. రెండో చేతికి ఎవరో గోళ్లు అంటిస్తున్నారు. చూపుడువేలి గోరు సరిగ్గా అంటక ఊడి కింద పడితే ఇద్దరూ నవ్వుకున్నారు. ఆవిడ నవ్వు చాలా బాగుంది. అదే నా బాధ.

సినిమా ఎలా తీశారో చెప్పొద్దని నేననడం లేదు. 1984లో లేజర్ డిస్కు మీద 'కింగ్ కాంగ్'కి, సినిమా నడుస్తుండగా దాని సంగతులు వినిపించే కామెంటరీ పెట్టిన దగ్గర్నుంచీ ఇదో మంచి అలవాటు. తెలుసుకోవాలనుకున్నవాడు ఆ బటన్ నొక్కుతాడు. నేను ఏ బటనూ నొక్కకముందే చూపించేసిన దానికే నా ఏడుపు.

శబ్దం గురించి కూడా ఒక మాట. అక్షరం పోకుండా అసలు సౌండ్ ఇచ్చామన్నారు, నిజమే. గుసగుసలు గుసగుసల్లాగే ఉన్నాయి. వినపడక వాల్యూమ్ పెంచాను. తలుపు ధడేలుమంది. సినిమా అంతా దెయ్యం కన్నా రిమోట్ మీదే ఎక్కువ ధ్యాస. ప్లేయర్‌లో నైట్ మోడ్ పెడితే గుసగుసా, ధడేలూ ఒకే స్థాయికి వచ్చి ఎవరికీ ఏ టెన్షనూ ఉండదు. ఇందులో తప్పు మీది కాదు, గదిది. కదలికల్ని నున్నగా చేస్తానని సెకనుకు 24 ఫ్రేముల మధ్య లేని ఫ్రేములు ఇరికించేది టీవీ, అదీ మీ తప్పు కాదు. 2019లో టీవీలకి ఫిల్మ్‌మేకర్ మోడ్ అనే సెట్టింగ్ ఒకటి ప్రకటించింది ఆ జబ్బుకి మందుగానే.

కాబట్టి నా విన్నపం చిన్నదే. తర్వాతి ముద్రణలో మెనూకి ఒక నల్ల తెర చాలు, మధ్యలో 'ప్లే' అని రాస్తే సరి. అట్ట వెనక ఇల్లు వేయండి, ఇంట్లోవాళ్లని వద్దు. ఆ గోళ్ల వీడియో సినిమా అయ్యాకే తెరుచుకునేలా చేయండి.

ఇంతే సంగతులు. చిత్తగించవలెను.

తా.క.: డిలీటెడ్ సీన్లలో ఆ దెయ్యం ఎవరు, ఎలా చనిపోయింది, ఈ ఇంటినే ఎందుకు పట్టుకుందో ఒక ముసలాయన కుర్చీలో కూర్చుని పూసగుచ్చినట్టు చెప్పే సీను ఒకటుంది. ఎడిటర్ దాన్ని ఎందుకు తీసేశారో చూడగానే అర్థమైంది. మీరెందుకు పెట్టారో తెలియజేయగలరు.