పట్టు పంటకు ఎండదెబ్బ గుడ్డులోనే మొదలు

హిందూపురం, మడకశిర వైపు ఏప్రిల్‌లో ఏ పట్టు రైతును కదిపినా షెడ్డు వేడి గురించే చెబుతాడు. తడి గోనెపట్టాలు కట్టాం, పైన కొబ్బరి మట్టలు పరిచాం, అయినా పంట పోయిందంటారు. నిజమే, ఐదో దశ పురుగుకు, అంటే గూడు కట్టే ముందు చివరి దశలో ఉన్నదానికి, 24, 25 డిగ్రీలుంటే హాయి, బయట చూస్తే 40కి దగ్గర. కానీ కొన్ని పంటలు ఆ షెడ్డు దాకా రాకముందే, గుడ్లు తయారయ్యే చోటే దెబ్బతింటున్నాయని నా అనుమానం. దాని గురించి ఎవరూ మాట్లాడరు.

విత్తన గూళ్ల సంగతే, అంటే గుడ్ల కోసం ఉంచే పట్టుగూళ్ల సంగతే చూడండి. లోపల ప్యూపా (రెక్కల పురుగుగా మారే దశ) ఉన్నప్పుడు వేడి 30 దాటి రోజుల తరబడి అలాగే ఉంటే మగ పురుగు వీర్యం దెబ్బతింటుంది. పైకి బాగానే ఉంటుంది, రెక్కలు కొట్టుకుంటూ జతకడుతుంది కూడా. తల్లి పురుగు నాలుగైదు వందల గుడ్లు పెట్టేస్తుంది, రెండు రోజులాగి షీటు చూస్తే వాటిలో కొన్ని రంగు తిరగకుండా పసుపుగానే ఉండి, తర్వాత సొట్టలు పడతాయి. అవి ఇక పొదగవు.

బైవోల్టిన్‌ది ఇంకో విచిత్రం. ఏడాదికి రెండు తరాలు వచ్చే ఈ పట్టుపురుగు రకం పెట్టే గుడ్లు వెంటనే పొదగాలా, నెలల తరబడి నిద్రపోవాలా అన్నది చాలావరకు ఆ తల్లి తాను గుడ్డుగా ఉన్నప్పుడు చూసిన వేడి, వెలుతురును బట్టే ఉంటుంది! 25 డిగ్రీల్లో, వెలుతురులో పొదిగిన తల్లి నిద్రగుడ్లు పెడుతుంది, 15 డిగ్రీల్లో చీకట్లో పొదిగినదైతే నిద్రలేనివి. నిద్రగుడ్లను త్వరగా లేపాలంటే, పెట్టిన 20 గంటలకు అటూఇటూగా, 46 డిగ్రీల హైడ్రోక్లోరిక్ యాసిడ్‌లో ఐదు నిమిషాలు ముంచాలి. ఇంత సున్నితమైన సరుకును మిట్టమధ్యాహ్నం బస్సు సీటు కింద పెట్టి పంపిస్తే ఏమవుతుందో వేరే చెప్పాలా?

వేడిని తట్టుకునే రకాలు లేవా అంటే ఉన్నాయి. మైసూరు పరిశోధకులు సీఎస్ఆర్18, సీఎస్ఆర్19 అనే రెండు పట్టుపురుగు జాతుల సంకరాన్ని అందుకే తెచ్చారు. దిగుబడి తక్కువని రైతులు పెద్దగా తీసుకోలేదు, అందులో వాళ్ల తప్పేమీ లేదు. కిలోల లెక్కన గూళ్లమ్ముకునేవాడికి దిగుబడే కదా ముఖ్యం.

కాబట్టి షెడ్డు సబ్సిడీతోనే సరిపెట్టకుండా విత్తన గూళ్ల రైతుకు చల్లటి గది, గుడ్లకు రాత్రి రవాణా, పెట్టెలో ఒక థర్మామీటర్ ఇవ్వాలి. బిల్లు మీద నూటికి ఎన్ని పొదుగుతాయో రాయమని రైతు అడగాలి, పొదగని గుడ్లకు డబ్బు కట్టనని కూడా చెప్పాలి. ఇప్పుడు పురుగు తగ్గితే చాకీ సెంటరువాడు (చిన్న పురుగుల్ని పెంచి రైతుకు ఇచ్చేవాడు) రైతును అంటాడు, రైతు ఎండను తిడతాడు, గుడ్లమ్మినవాడిని మాత్రం ఎవరూ ఏమీ అనరు.