మీ ఆస్తులూ వద్దు, మీ అప్పులూ వద్దు: ఇన్హెరిటెన్స్ గారికి ఒక లేఖ

మహారాజశ్రీ ఇన్హెరిటెన్స్ గారికి,

నమస్కారాలు. తమరు క్షేమమని తలుస్తాను. ప్రోగ్రామింగ్‌లో ఒక క్లాసు (డేటానీ దానితో చేసే పనులనీ కలిపి రాసిన నమూనా) కోడ్‌ని ఇంకో క్లాసుకి వారసత్వంగా కట్టబెట్టేది తమరే కదా. ఇచ్చేది పేరెంట్, పుచ్చుకునేది చైల్డ్. క్షేమంగా ఉండక ఏమవుతుంది లెండి, పేరెంట్ క్లాసులో చేసిన తప్పుకి రాత్రి పదింటికి ఫోన్ వచ్చేది చైల్డ్ క్లాసు రాసినవాడికే కదా.

తమరి పుట్టుక మాత్రం గొప్పది, కాదనను. 1967లో ఓస్లోలో, సిమ్యులా అనే భాషలో కళ్ళు తెరిచారు. ఓలే యోహాన్ డాల్, క్రిస్టెన్ నీగార్డ్ మిమ్మల్ని కన్నారు. అప్పట్లో వాళ్ళ చర్చల్లో నలిగిన ఉదాహరణ ఒక టోల్ గేటు. వంతెన దగ్గర లారీలూ బస్సులూ క్యూలో ఉంటాయి. క్యూలో నిలబడే పద్ధతి అన్నిటికీ ఒకటే, మిగతా సంగతులు దేనివి దానివి. ఉమ్మడిగా ఉన్నది ఒక్కచోట రాసి, తేడాలు మాత్రం విడిగా రాసుకుందామన్నారు. ఎంత పద్ధతైన ఆలోచన! 2001కి ఆ ఇద్దరికీ కంప్యూటర్ రంగంలో పెద్ద బహుమతైన ట్యూరింగ్ అవార్డు కూడా దక్కింది.

మా దాకా వచ్చేసరికి ఆ లారీలూ బస్సులూ ఏమైపోయాయో గానీ, ఒక కుక్క మిగిలింది. ఏనిమల్ అని ఒక క్లాసు, దాన్నుంచి డాగ్, అది అరిస్తే తెర మీద ‘బౌ బౌ’. బీటెక్ ల్యాబ్ రికార్డులోనూ అదే కుక్క, అమీర్‌పేట కోచింగ్ సెంటర్ బోర్డు మీదా అదే కుక్క. కుక్క అరవాల్సిన ప్రాజెక్టు ఇంతవరకూ ఏ క్లయింటూ నాకు ఇవ్వలేదు. ఇక ఇంటర్వ్యూల సంగతి. “జావాలో మల్టిపుల్ ఇన్హెరిటెన్స్ ఎందుకు లేదు?” “డైమండ్ ప్రాబ్లం సార్.” అంటే ఒకే తాతకి పుట్టిన ఇద్దరు పేరెంట్ల నుంచి ఒకే పనికి రెండు రకాల కోడ్ వస్తే ఏది చెల్లాలన్న తగువు. అడిగినాయన తలాడిస్తాడు, చెప్పినవాడు ఊపిరి పీల్చుకుంటాడు. ఆ డైమండ్‌ని దగ్గరగా చూసిన పాపాన ఇద్దరూ పోయి ఉండరు.

ఆ జావా ఇంట్లోనే తమరు చేసిన నిర్వాకం ఒకటి గుర్తు చేస్తాను. స్టాక్ అనే క్లాసు ఉంది. చివర పెట్టింది ముందు తియ్యాలి, మధ్యలో చెయ్యి పెట్టకూడదు, స్టాక్ అంటే అంతే. దాన్ని తీసుకెళ్ళి వెక్టర్‌కి వారసుణ్ణి చేశారు. వెక్టర్ అంటే వరసగా పేర్చిన పట్టీ, ఎక్కడైనా దూర్చొచ్చు, ఎక్కడినుంచైనా పీకొచ్చు. ఆ హక్కులన్నీ స్టాక్‌కి పట్టాతో సహా వచ్చేశాయి. యాడ్ అని పిలిచి ఇండెక్స్ (స్థానం) సున్నా ఇస్తే, నిక్షేపంగా అడుగున దూరుతుంది, ఆపేవాడు లేడు. ఇంకా అన్యాయం చూడండి. 10, 20, 30 పుష్ చేసి (పైన పెట్టి) పాప్ చేస్తే (పైనుంచి తీస్తే) ముందు 30 వస్తుంది, న్యాయంగానే. పాప్ చెయ్యకుండా అదే స్టాక్ మీద ఒక్కొక్కటే చూపించే ఫర్ లూప్ తిప్పితే 10, 20, 30 అని అడుగు నుంచి వస్తాయి. ఎందుకయ్యా అంటే లూప్ తిప్పే పద్ధతి వెక్టర్ గారిది. ఇప్పుడు సరిచేద్దామంటే దాని మీద ఆధారపడిన పాత కోడ్ ఎంతుందో లెక్క లేదు. అందుకని జావా డాక్యుమెంటేషన్ ఆ క్లాసు పేజీలోనే, దీనికి బదులు డెక్ అనేది వాడుకోండని మర్యాదగా చెబుతుంది. సొంత పేజీలో ఇంత అవమానం ఇంకే క్లాసుకైనా జరిగిందా? జరిగింది లెండి. హ్యాష్‌టేబుల్ అనే క్లాసుకి వారసుడైన ప్రాపర్టీస్‌ది కూడా ఇదే గోడు.

పైథాన్ భాష మిమ్మల్ని ఇద్దరు ముగ్గురు పేరెంట్లతో కూడా రానిస్తుంది, ధైర్యం ఎక్కువ. ఏ అనే క్లాసు నుంచి బి, సి. ఆ రెండిటి నుంచి డి. మెథడ్ (క్లాసుకి నేర్పిన పని) వెతికే వరస డి, బి, సి, ఏ. 2003లో వచ్చిన 2.3 వెర్షన్ నుంచి సీ3 అనే పద్ధతి ఈ వరస కడుతోంది. ఇక్కడ తమాషా ఏమిటంటే, ఆబ్జెక్ట్ (క్లాసు నమూనాతో తయారైన వస్తువు) డి ది అయినప్పుడు బి లోపల నుంచి సూపర్ అని, అంటే పైవాడిని, పిలిస్తే పలికేది ఏ కాదు, సి. నాన్నా అని కేకేస్తే బాబాయి పరిగెత్తుకొచ్చినట్టు. బి రాసినవాడికి సి అనే క్లాసు లోకంలో ఉందన్న సంగతే తెలియకపోవచ్చు. పైథాన్‌కి కాస్త పెద్దరికం ఉంది కాబట్టి, పేరెంట్ల పట్టీలో ఏ ని ముందు రాసి, దానికే పుట్టిన బి ని తర్వాత రాస్తే క్లాసునే పుట్టనివ్వదు, టైప్ ఎర్రర్ మొహాన కొడుతుంది.

జావాస్క్రిప్ట్‌లో తమరి వేషమే వేరు. 1995లో అది పుట్టినప్పుడు క్లాసులే లేవు, ప్రోటోటైప్ అని ఒక ఆబ్జెక్ట్ ఇంకో ఆబ్జెక్ట్ వైపు వేలు చూపిస్తుంది, అంతే. అడిగింది తన దగ్గర లేకపోతే పైవాడిని అడుగు, వాడి దగ్గరా లేకపోతే ఆ పైవాడిని అడుగు, చివరికి నల్, అంటే ఇక పైన ఎవరూ లేరు. 2015లో క్లాస్ అనే మాట తెచ్చినా లోపలి కాపురం పాతదే. ఆ కాపురం ఎలాంటిదంటే, మూటూల్స్ అనే పాత లైబ్రరీ ఎప్పుడో అన్ని అర్రేల (వరస పట్టీల) ప్రోటోటైప్‌లో ఫ్లాటెన్ అని తన సొంత మెథడ్ తగిలించింది. 2018లో భాషే అదే పేరుతో అసలు మెథడ్ ఇవ్వబోతే పాత సైట్లు విరిగాయి. చివరికి 2019 ప్రమాణంలో ఫ్లాట్ అని పేరు మార్చుకుని రావాల్సి వచ్చింది. ఇంటివాడే పేరు మార్చుకున్నాడు, అద్దెకున్నవాడు మార్చుకోలేదు.

ఇలాంటివి చూసే గో భాష మిమ్మల్ని గడప తొక్కనివ్వలేదు. రస్ట్ కూడా అంతే. కోట్లిన్ భాషలో ఓపెన్ అని రాతపూర్వకంగా ఒప్పుకుంటే తప్ప మామూలు క్లాసుకి వారసులుండరు.

అలాగని తమరి మంచితనం మరచిపోలేదు. ఎక్సెప్షన్ల (ప్రోగ్రాం నడుస్తుండగా వచ్చే పొరపాట్ల) దగ్గర తమరు బంగారం. పైథాన్‌లో ఓఎస్ ఎర్రర్‌ని పట్టుకుంటే ఫైల్ నాట్ ఫౌండ్, పర్మిషన్ ఎర్రర్ అన్నీ బుద్ధిగా చేతిలో పడతాయి. పిల్లలు నిజంగా ఆ ఇంటి పిల్లలే అయినచోట తమరితో ఎవరికీ పేచీ లేదు. నాలుగు లైన్ల కోడ్ కలిసొస్తుందని ఎక్కడివాడినో తెచ్చి దత్తత ఇచ్చినచోటే గొడవంతా. మా ఆఫీసు కోడ్‌లో బేస్ మేనేజర్ అనే క్లాసు, దాని పైన అబ్‌స్ట్రాక్ట్ బేస్ మేనేజర్, ఆ పైన కామన్ అబ్‌స్ట్రాక్ట్ బేస్ మేనేజర్ ఉన్నారు. అసలు పని ఎవరు చేస్తున్నారో తెలుసుకోవాలంటే ఎడిటర్‌లో ట్యాబ్‌లకు చోటు చాలట్లేదు. దయచేసి ఆ పై ఇద్దరినీ మీ దగ్గరికే పిలిపించుకోగలరు.

ఇట్లు,
ఓవర్‌రైడ్ చేసీ చేసీ అలసిన ఒక డెవలపర్

తా.క.: జావాలో ఎవరూ ఏమీ రాసివ్వకపోయినా, అందరికీ పెద్దదిక్కైన ఆబ్జెక్ట్ నుంచి టు స్ట్రింగ్ అనే ఆస్తి (తన గురించి అక్షరాల్లో చెప్పుకునే మెథడ్) వస్తుంది కదా. మావాళ్ళు దాన్ని ఓవర్‌రైడ్ చెయ్యడం, అంటే తమకు కావలసినట్టు తిరగరాయడం, మరిచారు. మొన్న వెళ్ళిన ఇన్వాయిస్ మీద పేరు ఉండాల్సిన చోట ‘కస్టమర్@70193452’ అని అచ్చయింది. అది ఏ అకౌంట్ నంబరని ఆ కస్టమర్ వాళ్ళు ఉదయం నుంచీ ఫోన్ చేస్తున్నారు. ఈసారి కాల్ తమరికి కలుపుతున్నాను, ఎత్తండి.