మహారాజశ్రీ బఫింగ్ వీల్ గారికి పాత మంగలి కత్తుల తరఫున

మహారాజశ్రీ బఫింగ్ వీల్ గారి దివ్యసముఖమునకు,

పాత మడత కత్తులు బాగుచేసుకునేవాళ్లం చేసుకుంటున్న విన్నపం. ఉభయకుశలోపరి అని మొదలుపెట్టడమే మర్యాద. కానీ తమ పాలపడ్డ కత్తులు కుశలమని రాస్తే అబద్ధమవుతుంది.

మోటారు మీద తిరుగుతూ లోహానికి మెరుగుపెట్టే చక్రం తమరు, ముందుగా తమ వేగానికి జోహార్లు. 6 అంగుళాల చక్రం నిమిషానికి 2800 చుట్లు తిరిగితే దాని అంచు గంటకు 80 కిలోమీటర్ల వేగంతో పరుగెత్తుతున్నట్టు లెక్క. ఇత్తడి బిందెకు ఆ వేగం శోభే. నూరేళ్ల కిందటి, ఇంగ్లండ్‌లోని షెఫీల్డులో చేసిన మంగలి కత్తి సంగతి వేరు. రెండు పక్కలా లోపలికి గుల్లగా అరగదీసిన ఆ అలుగు వెన్ను దగ్గర 5 మిల్లీమీటర్లు దాటి ఉన్నా, వాదర (పదునైన అంచు) దగ్గరికి వచ్చేసరికి కాగితం కన్నా పలచన. తమరు అక్కడ కాసేపు ఆనితే చాలు, పుట్టిన వేడి పారిపోవడానికి లోహమే ఉండదు. పట్టుకున్నవాడి వేలికి వేడి తగిలేలోపు వాదర కాలిపోయి ఉంటుంది.

ఆ ఉక్కును కాల్చి ముంచి గట్టిపరిచాక, 200 డిగ్రీల దరిదాపుల్లో మళ్లీ కాచి కుదురుస్తారు. అంతకు మించి వేడెక్కితే ముందు గడ్డిరంగు, తర్వాత గోధుమ, ఊదా, 300 దగ్గర నీలం తేలతాయి. నీలం తేలిన చోట ఉక్కు మెత్తబడినట్టే. ఏ రాయి మీద నూరినా అక్కడ వాదర నిలవదు, గడ్డం సగంలోనే మడత పడుతుంది. తమ అసలు ప్రతిభ ఇక్కడే ఉంది. ఆ నీలం మైక్రాన్‌లో (మిల్లీమీటరులో వెయ్యో వంతు) చిన్న వంతు మందం ఉన్న పొర. తర్వాతి రుద్దుకే దాన్నీ తుడిచేసి అద్దంలా మెరిపిస్తారు! నేరం చేసి, సాక్ష్యానికి కూడా మెరుగుపెట్టే పనితనం తమకే చెల్లింది. కొన్నవాడు మెరుపు చూసి మురుస్తాడు, మెత్తదనం మాత్రం మూడో గడ్డానికి గానీ తెలియదు.

తమకు చదువంటే కిట్టదని కూడా తెలుసు. తోక (అలుగును పిడితో కలిపే కాడ) మీది ముద్రలే కదా కత్తి వయసు చెప్పేవి. అమెరికాకు వెళ్లే సరుకు మీద తయారైన దేశం పేరుండాలని 1890 నాటి మెకిన్లీ సుంకాల చట్టం పట్టుబట్టింది. అందుకే ‘ఇంగ్లండ్’ అన్న ముద్ర కనబడితే ఆ కత్తి ఎక్కువగా 1891 తర్వాతిదని ఊహిస్తాం. తమరు అటు పోయి ఇటు వచ్చేసరికి ఆ అక్షరాల అంచులు కరిగిపోతాయి. అలుగు మీది బంగారు పూత సంగతి చెప్పనే అక్కర్లేదు. నిజానికి దానికి గుడ్డతో రాసే మెటల్ పాలిష్ కూడా పనికిరాదు, సబ్బునీళ్లూ చుక్క నూనే చాలు.

వెన్ను గుండ్రమైతే ఏమవుతుందో తమరికి ఎవరూ చెప్పినట్టు లేదు. నూరేటప్పుడు వెన్నూ వాదరా రెండూ రాయికి ఆనే ఉంటాయి కాబట్టి కోణాన్ని నిర్ణయించేది వెన్ను మందమే. 19 మిల్లీమీటర్ల వెడల్పుకు 5.4 మిల్లీమీటర్ల వెన్ను ఉంటే 16 డిగ్రీల చిల్లర వస్తుంది. తమరు ఒక కొసన ఎక్కువ రుద్దితే కోణం అక్కడొకటి, ఇక్కడొకటి. వాదర చాలు (నూరినప్పుడు అంచు వెంట ఏర్పడే వాలు పట్టీ) ఒక చివర వెడల్పుగా, మరో చివర దారంలా కనిపిస్తే అది తమ సంతకమే.

మా పద్ధతి నత్తనడక, ఒప్పుకుంటాం. ముందు పది రెట్లు పెద్దదిగా చూపే భూతద్దంతో వాదర చూస్తాం. తుప్పు తిన్న నల్ల గుంటలు అలుగు నడుమ ఉంటే వదిలేయవచ్చు, వాదర మీదే ఉంటే నూరేకొద్దీ పెచ్చులై ఊడతాయి. 1.6 మిల్లీమీటర్ల ఇత్తడి మేకు తలను ఆకురాయితో అరగదీసి, మేకును సన్నటి పంచ్‌తో తట్టి పిడి విడదీస్తాం. తర్వాత వాటర్ పేపర్ (తడిపి రుద్దే గరుకు కాగితం), నంబరు పెరిగేకొద్దీ నునుపు: 400, 600, 800, 1000, 1500, 2000. ఒక నంబరు గీతలు పూర్తిగా పోకముందే తర్వాతి దానికి దూకితే, అవి 2000 దగ్గర పళ్లికిలిస్తాయి.

ఇక నూరడం. పెన్సిల్‌తో రాయి మీద గళ్లు గీసి, వజ్రపు రజను అద్దిన డైమండ్ ప్లేటుతో అన్నీ పోయేదాకా చదును చేస్తాం. వాదరకు మార్కర్ సిరా పూసి 1000 నంబరు రాయి మీద లాగితే, సిరా కొస నుంచి మొదలు దాకా పోవాలి, చేతి వెంట్రుక ప్రతిచోటా తెగాలి. అది కుదరకుండా 4000, 8000, 12000కి పోయినా దండగే. వెన్నుకు ఎలక్ట్రికల్ టేపు వేస్తే ఒక్క పొరే, రాయి మారినప్పుడల్లా కొత్తది. చివర గుడ్డపట్టీ మీద పాతికసార్లు, తోలు మీద యాభై. పట్టీ కొసన కత్తిని తిప్పేది వెన్ను మీదే, వాదర మీద తిప్పితే తోలుకు గాటు పడుతుంది.

సెల్యులాయిడ్ పిడి జోలికి మాత్రం దయచేసి రాకండి. అది నైట్రోసెల్యులోజు, తమ వేడికి భగ్గుమంటుంది. పాతబడి పుల్లటి వాసన కొడుతూ, దాని పక్కనున్న అలుగే తుప్పు పడుతుంటే వెంటనే వేరుచేయాలి, లోపల నుంచి ఆమ్లం వస్తోందన్నమాట.

తమరికి పనే లేదని మా భావం కాదు. విడిగా తీసిన కొమ్ము పిడికి, శుభ్రమైన మెత్తటి గుడ్డ చక్రంతో, తక్కువ వేగంలో మెరుగు పెట్టండి, అభ్యంతరం లేదు. అలుగే తెచ్చి ఎదురు పెట్టేవాడికి మాత్రం, తమరు తిరిగే దిక్కుకు వాదర ఎదురుంటే దాన్ని పట్టి లాగి విసురుతారని తమరే ముందుగా చెప్పాలి. చేతికి గ్లవుజు తొడిగితే గ్లవుజుతో సహా లాగుతారన్నదీ దాచకండి.

ఇట్లు,
రాళ్లు అరగదీసుకునే విధేయులు

తా.క. తమ బంధువు ఆకుపచ్చ పాలిష్ కడ్డీ మా తోలుపట్టీ ఎక్కుతానని మారాం చేస్తోంది. అందులో మైనంతోపాటు ముతక అల్యూమినా పొడి కూడా కలుస్తుంటుంది, అది వాదరను గీరుతుంది. మాకు కావాల్సింది 0.5 మైక్రాన్ల క్రోమియం ఆక్సైడ్ పొడి, అదీ చిటికెడు, వేరే పట్టీ మీద. కడ్డీని తమరే వెనక్కి పిలిపించుకోగలరు.