జుకినీ బ్రెడ్డు దొరగారికి హనుమకొండ వంటిండ్ల అర్జీ

దొరగారూ,

ఉభయకుశలోపరి. ముందుగాల మీ పేరు సంగతి తేలాలె. మీకు ఈస్టు లేదు, పిండి పిసికేది లేదు, పొంగనిచ్చేది లేదు. గుడ్లు, చక్కెర, నూనె గిలకొట్టి ఓవెన్‌ల పెడితే వచ్చేదాన్ని మేం కేకు అంటం. బ్రెడ్డు అని రాయించుకుంటే పొద్దుగాల చాయ్‌ల కూడా చెల్లుబాటైతదని మీ ఎత్తు. బాగనే పారింది.

ఇగ మీ సరుకు: తురిమిన జుకినీ (కీర దోసకాయ లెక్క కనబడే గుమ్మడి జాతి కాయ), పిండి, గింజలు. ఇది మాకు కొత్తదా? ఆనిగెపుకాయ (సొరకాయ) తురుము, బియ్యప్పిండి, పల్లీలు, నువ్వులు కలిపి గంజుకు ఒత్తి, బొక్కలు పెట్టి నూనె చుక్కలేసి కాలిస్తే సర్వపిండి. తేడా అంతా నీళ్లకాడనే. తురుముల ఉప్పేస్తే ఊరే నీళ్లే సర్వపిండికి పెట్టుబడి, ఆ తడికి పట్టినంత పిండి పోస్తరు. మీకేమో అవే నీళ్లు గండం. జుకినీల నూటికి దగ్గరదగ్గర 95 వంతులు నీళ్లే. పిండకుంటే పైన ఎర్రగ, నడుమ జావ. గుడ్డల కట్టి చుక్క లేకుండ పిండితే ఇటుక. అందుకే 200 గ్రాముల తురుమును పిడికిట్ల ఒక్కసారి ఒత్తి, నాలుగు చెంచాల నీళ్లు కారంగనే ఆపాలె. పొట్టు తీసే పని లేదు.

మీకు జుకినీ దొరకనినాడు లేత ఆనిగెపుకాయ నడుస్తది. ఏదైనా సరే, పచ్చి ముక్క నాలిక మీద పెట్టి చూడాలె. చేదుంటే పారేయాలె. ఆ చేదు విషం కాల్చినా పోదు.

కొలతలు: మైదా 250 గ్రాములు, చక్కెర 150, నూనె అర కప్పు, గుడ్లు 2, బేకింగ్ పౌడర్ ఒక టీస్పూను, వంట సోడా అర, ఉప్పు అర, దాల్చినచెక్క పొడి ఒకటి. పొడి మైదా కనబడకుండ పోయిందా, గరిటె కింద పెట్టాలె. మిర్చి బజ్జీల పిండి లెక్క గిలకొడితే జిగురు సాగి ముక్క రబ్బరైతది, లోపల సొరంగాలు పడతయి.

మీరు అక్రోట్లే కావాలంటరు, ముప్పావు కప్పు. ధర అడుగుతలేం. వేయించిన పల్లీ బద్దలు పెడితే మీ పరువేం పోదు. ఏ గింజైనా వేయించకుండ వేస్తే తడి పీల్చి మెత్తబడతది.

ఓవెన్ ముందే 175 డిగ్రీలకు కాగాలె. 9 బై 5 ఇంచుల డబ్బల 50 నుంచి 60 నిమిషాలు. మొదటి అరగంట తలుపు తీయొద్దు. ఆ అరగంటల కరెంటు పోయిందా, నడుమ గుంటే. చివరి పది నిమిషాలల్ల పోతే తలుపు మూసే ఉంచాలె, మిగిలిన వేడికే ఉడుకుతరు.

దించినంక మీరు చల్లారేదాక గంటసేపు కత్తి పెట్టొద్దట. సర్వపిండైతే గంజుల ఉండంగనే సగం మాయమైతది.

ఇట్లు,
తురుముపీట మీద వేళ్లు గీకుకున్నోళ్లు